తీసికట్టు కాకపోతే చాలా?

కొత్త మందు వచ్చిందనగానే మనకు కలిగే మొదటి సందేహం 'పాతదానికన్నా బాగా పనిచేస్తుందా?' అని. కానీ యాంటీబయోటిక్స్‌లో చాలావాటికి అనుమతి ఇచ్చేటప్పుడు అసలా ప్రశ్నే వేయరు. 'పాతదానికన్నా మరీ తీసికట్టుగా లేదు కదా?' అని మాత్రమే చూస్తారు! పరిశోధకులు దీన్ని 'నాన్ ఇన్ఫీరియారిటీ' ట్రయల్ అంటారు. మనం 'తీసికట్టు కాదు' పరీక్ష అనుకుందాం.

ఇదేం చోద్యం అనుకుంటున్నారా? దానికో కారణం ఉంది. బ్రిటన్‌లో క్షయ రోగులపై జరిపిన స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు 1948లో వెలువడ్డాయి. 55 మందికి మందు ఇచ్చారు. 52 మందికి మంచం మీద విశ్రాంతే వైద్యం. ఆరు నెలల్లో మందు తీసుకున్నవారిలో నలుగురు చనిపోతే, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. అప్పట్లో ఆ మందుకు తీవ్రమైన కొరత కాబట్టి అలాంటి పోలిక చెల్లింది. ఇప్పుడు నయంచేసే మందు చేతిలో ఉండగా, పరీక్ష కోసం రోగికి ఉత్తుత్తి మాత్ర ఇస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే కొత్త మందును పాత మందుతోనే పోల్చాలి. పాతదే నూటికి తొంభై మందికి నయం చేస్తుంటే దాన్ని మించడం కష్టం. కొత్తదాని గొప్పంతా వేరేచోట ఉంటుంది: తక్కువ రోజులు వాడితే సరిపోవడం, తక్కువ దుష్ఫలితాలు, సూది బదులు మాత్ర... ఆ సౌకర్యం కోసం నయమయ్యే అవకాశాన్ని ఎంతవరకు వదులుకోవచ్చన్నదే అసలు ప్రశ్న.

గీత ఎవరు గీయాలి?

ఆ 'ఎంతవరకు' అన్నదానికి పరీక్ష మొదలుపెట్టకముందే ఒక గీత గీయాలి. ఫలితాలు చూశాక గీస్తే అది పరీక్షే కాదు. క్షయకు ఆరు నెలల మందుల్ని నాలుగు నెలలకు తగ్గించవచ్చా అని చూసిన 'రెమాక్స్ టీబీ' ట్రయల్‌లో ఆ గీత 'నూటికి ఆరుగురు'. అంటే, నాలుగు నెలల వైద్యంలో విఫలమయ్యేవారు ఆరు నెలల వైద్యంతో పోలిస్తే నూటికి ఆరుగురికన్నా ఎక్కువ ఉండరని గట్టిగా చెప్పగలగాలి. ఇందులో 1,931 మంది పాల్గొన్నారు. పాత మందుల్లో ఒకదాని బదులు మాక్సిఫ్లాక్సాసిన్ చేర్చారు. మొదట్లో అంతా ఆశాజనకమే. కళ్లెలో క్రిములు పాత వైద్యంకన్నా త్వరగా మాయమయ్యాయి. తీరా 2014లో ఫలితాలు వచ్చేసరికి సంగతి తిరగబడింది. ఆరు నెలలు వాడినవారిలో నూటికి 92 మందికి నయమైతే, నాలుగు నెలల వైద్యాల్లో ఒకదానిలో 85 మందికి, మరోదానిలో 80 మందికే నయమైంది. చాలామందికి జబ్బు తిరగబెట్టింది. గీత ముందే గీసి ఉండకపోతే 'క్రిములు త్వరగా పోయాయి' అన్న మాటే ఊరంతా పాకేది!

ఇలాంటి పరీక్షలో ఇంకో చిక్కుంది. మామూలు ట్రయల్‌ని అజాగ్రత్తగా చేస్తే నష్టపోయేది కొత్త మందే. ఇక్కడ తిరకాసు. మాత్రలు సరిగా మింగకపోయినా, జబ్బు లేనివారిని చేర్చుకున్నా రెండు గుంపుల మధ్య తేడా చెరిగిపోతుంది. తేడా కనిపించకపోతే కొత్త మందు నెగ్గినట్టే కదా! అందుకే చేరినవారందరినీ కలిపి ఒకసారి, మందు సక్రమంగా వాడినవారిని విడిగా ఇంకోసారి లెక్క చూస్తారు. రెండూ ఒకే మాట చెబితేనే నమ్మకం.

నాగంభొట్లు సామెత

గీత వదులుగా గీస్తే? మొదటి మందుకన్నా రెండోది కాస్త తక్కువ, దానికన్నా మూడోది ఇంకాస్త తక్కువ... ఒక్కోటీ పరీక్ష నెగ్గుతూనే ఉంటుంది. 'నానాటికీ తీసికట్టు నాగంభొట్లు' అన్నది సరిగ్గా ఇదే. కాబట్టి ఎప్పుడూ ఉన్నవాటిలో మేలైన మందుతోనే పోల్చాలి.

అంతకన్నా ప్రమాదం, పాత మందు అసలు పనిచేస్తుందో లేదో తెలియకుండానే దాంతో పోల్చడం. అమెరికాలో కెటెక్ అనే యాంటీబయోటిక్‌కు 2004లో న్యుమోనియాతోపాటు సైనసైటిస్‌కు, బ్రాంకైటిస్‌కు కూడా ఇలాంటి పరీక్షలతోనే అనుమతి వచ్చింది. సైనసైటిస్ చాలామందికి మందు లేకున్నా తగ్గిపోతుంది. అలాంటప్పుడు పంచదార మాత్ర కూడా 'తీసికట్టు కాదు' అనిపించుకోగలదు! తర్వాత కెటెక్ వాడినవారిలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. 2007 ఫిబ్రవరిలో అక్కడి ఎఫ్‌డీఏ న్యుమోనియాకు తప్ప మిగతా రెండింటికీ అనుమతి తీసేసింది. తనంతట తగ్గే జబ్బుకు కాలేయాన్ని పణంగా పెట్టడమేమిటి మరి?

పద్ధతి తప్పు కాదు

అలాగని ఈ పరీక్షల్ని కొట్టిపారేయలేం. ఒకప్పుడు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో నెలల తరబడి ఉండాల్సిందే. 'ఇంట్లో ఉండి మందులు వాడితే తీసికట్టా?' అని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన అడిగింది. కాదని 1959లో తేల్చింది. ఎన్ని లక్షల కుటుంబాలకు అది మేలు చేసిందో!

నాలుగు నెలల కలా చివరికి ఫలించింది. రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన వైద్యాన్ని 13 దేశాల్లో 2,516 మందిపై పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో విఫలమైనవారు నూటికి 15.5, ఆరు నెలల వైద్యంలో 14.6. తేడా ముందుగా గీసిన గీత లోపలే ఉంది. క్షయ తీవ్రంగా లేని పిల్లలకు నాలుగు నెలలు చాలని మన దేశంలోనూ జరిగిన 'షైన్' ట్రయల్ 2022లో తేల్చింది.

ఒక్క మాట మాత్రం మరవకండి. పెద్దవాళ్లకు నాలుగు నెలలు చాలింది వేరే మందుల కలయికతో. డాక్టరు ఆరు నెలల కోర్సు రాస్తే, దగ్గు తగ్గిందని నాలుగో నెలలో ఆపేయకూడదు. అలా ఆపితే ఏమవుతుందో చెప్పడానికి 'రెమాక్స్' పాఠం చాలు. త్వరగా తగ్గినట్టు కనిపించడం వేరు, నయమవడం వేరు.