కొబ్బరికాయ, బుడ్డర్‌ఖాన్, సైన్సు

సైన్సు అనగానే మన విద్యార్థిలోకం ముఖం గంభీరంగా మారిపోతుంది. చావింటికి పోయినప్పుడు పెట్టుకునే ముఖం అది. ప్రయోగశాలలో నవ్వితే లెక్చరరుగారు బయటికి పొమ్మంటారు. పాఠ్యపుస్తకంలో నవ్వుకు చోటే లేదు. నవ్వంతా సినిమాకు, సైన్సంతా పరీక్షకు అని ఎప్పుడో పంచేసుకున్నాం. ఈ పంపకంలో నష్టపోయింది సైన్సేనని, ఆ నష్టం కాలేజీ గోడ దగ్గర ఆగక బచ్చన్నపేట చెలకల దాకా పోయిందని నా అభిప్రాయం.

బచ్చన్నపేట ఎందుకంటే, అక్కడి నీళ్ల గోస అందరెరిగినదే. కరువు మాట వస్తే జనగామ, చేర్యాల, బచ్చన్నపేట అని మూడు పేర్లూ ఒక్క ఊపిరిలో పలుకుతారు. కింద ఉన్నది గ్రానైటు రాయి. దానిలో నీళ్లు ఏరులై పారవు. పైన మెత్తబడ్డ పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ దాక్కుంటాయి. పగులు తగిలితే బోరు పడ్డట్టు, తగలకపోతే తెల్లటి దుమ్ము. నాలుగడుగులు అటైతే నీళ్లు, నాలుగడుగులు ఇటైతే అప్పు. ఇట్లాంటిచోట పాయింటు పెట్టేవాడే దేవుడు. ఆ దేవుడు కొబ్బరికాయ పట్టుకుని వస్తాడు.

చూడని మిత్రుల కోసం చెబుతున్నాను. పీచున్న కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చెలకంతా కలయదిరుగుతాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. "ఇగో, రెండు జలలు ఈడనే కలుస్తున్నయి, ఏసుకో" అంటాడు. కొందరు వేపపంగతో, కొందరు రాగితీగతో చూస్తారు. పరికరం ఏదైనా పద్ధతి ఒక్కటే.

కాయ ఎందుకు లేచింది? ఇది అడగదగ్గ ప్రశ్న, నవ్వుతూ అడగదగ్గ ప్రశ్న. అరచేతిలో పడుకున్న కాయ ఎటైనా దొర్లడానికి సిద్ధంగా ఉంటుంది. లోపలి నీళ్లు కదులుతుంటాయి. వేళ్లు కాస్త వంగితే చాలు. ఆ వేళ్లు వంగిన సంగతి ఆ మనిషికే తెలియకపోవచ్చు. మనసు ఆశించిన దానికి కండరాలు తమంతట తాము లొంగిపోతాయని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు చెప్పాడు. మరుసటేడు మైకేల్ ఫారడే దాన్ని పరీక్షకు పెట్టాడు. అప్పట్లో లండనులో పెద్దమనుషులంతా బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే, ఆత్మలు వచ్చి బల్లను తిప్పుతున్నాయని నమ్మేవారు. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య అట్టముక్కలు పేర్చి, మెత్తటి బంకతో అతికించాడు. బల్ల ముందు కదిలితే కింది అట్ట ముందు జరగాలి, చేతులు ముందు కదిలితే పై అట్ట జరగాలి. పై అట్టే జరిగింది! చేతుల కదలికను చూపే ముల్లు ఒకటి ఎదుట పెట్టేసరికి బల్ల తిరగడం మానేసింది. ఆత్మలకు సిగ్గేసింది కాబోలు.

1990లో జర్మనీలోని కాసెల్ పట్టణంలో ముప్పైమంది నీళ్లు చూసేవాళ్లను పరీక్షించారు. భూమిలో గొట్టం పాతి, అందులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. పద్ధతి న్యాయంగానే ఉందని వాళ్లూ ముందే ఒప్పుకున్నారు, తప్పక గెలుస్తామన్నారు. తీరా చూస్తే బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికీ వాళ్లు చెప్పినదానికీ తేడా లేదు.

ఈ సంగతులు తెలిసి బచ్చన్నపేట రైతు కొబ్బరికాయ మానేస్తాడా? మానడు. ఎందుకు మానడో మనం ఆలోచించలేదు.

భూగర్భజలాల అధికారి వస్తాడు. నేలలో వరుసగా నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాడు. తడి ఉన్న పగుళ్లరాయి కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టిరాయి అడ్డుకుంటుంది. ఎంత ముచ్చటైన విద్య! కానీ ఆయన దాన్ని ఎవరికీ చెప్పడు. కాగితం మీద గీత గీసుకుని, "రెసిస్టివిటీ తక్కువుంది, చూద్దాం" అని జీపెక్కుతాడు. కాయవాడు అట్లా కాదు. అరుగు మీద కూర్చుంటాడు, చాయ తాగుతాడు, బిడ్డ పెండ్లి ఎప్పుడని అడుగుతాడు, ఆఖరున పదిమంది ఎదుట కాయను లేపి చూపిస్తాడు. అది ఆట. ఊరంతా చూసే ఆట. బోరు పడకపోతేనేం, అతని దగ్గర మాట సిద్ధం: "నీళ్లున్నయి పటేలా, ఇంకో యాభై ఫీట్లు ఎయ్యాల్సుండె." ఎప్పటికీ ఓడిపోని విద్య అది. అధికారి చెప్పింది తప్పితే తప్పినట్టు అందరికీ తెలుస్తుంది, ఆ రాయిలో ఒక్కోసారి తప్పుతుంది కూడా. సైన్సు ఓడిపోగలదు గనుకనే దానికి విలువ. ఈ ముక్క మన బి.ఎస్సీ. పుస్తకాల్లో ఏ మూల ఉందో వెతికి చూడండి.

ఆటను ఆటతోనే గెలవాలి. మన దగ్గర ఆటలకు కొదవా? జనగామ గడ్డ ఒగ్గుకథకు పుట్టినిల్లులాంటిది. 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యగారు ఈ ప్రాంతంవారే. చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ ఉన్నాడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు ఉన్నాడు. రాజు ఎంత గొప్ప మాట చెప్పినా, "అది నిజమేనా?" అని అడిగే హక్కు వాళ్లకుంది. ఎవడూ వాళ్లను బయటికి పొమ్మనడు. నా దృష్టిలో సభలో మొదటి శాస్త్రజ్ఞుడు వాడే. పక్కనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు బట్ట మీద బొమ్మలు వరుసగా వేస్తే, కథకులు ఆ పటాన్ని ఒక్కో బొమ్మ చూపుతూ కథ చెబుతారు. సినిమా రీలుకు అది తాతలాంటిది. ఆ పటం మీద భూమి పొరలు, రాతి పగుళ్లు గీయించి కథ చెప్పిస్తే వినరా? నాకైతే వింటారనే నమ్మకం.

సినిమా ఈ పని కొంత చేసింది, కొంత చెడగొట్టింది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి, ఎక్కడో ఉన్న అభిమన్యుణ్ణి చూస్తుంది. మనదేశంలో టెలివిజను మొదలైంది 1959లో, ఢిల్లీలో. "అంటే ద్వాపరంలోనే మనకు టీవీ ఉందన్నమాట" అనే పెద్దలకు నాదొక మనవి. అందులో శాస్త్రజ్ఞుడెవరో వెతకదలిస్తే కెమెరా వెనక్కి చూడండి. లేని వెన్నెలను ఉన్నట్టు చూపిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే అక్కడున్నాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎట్లా ఎగిరాయని అడిగే పిల్లవాడు సగం ఫిజిక్సు చదివినట్టే. సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' 1991లో కాలయంత్రమెక్కించి జనాన్ని 1526కు, ఆ తర్వాత 2504కు తీసుకుపోయింది. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ఊహ కృష్ణదేవరాయల సభ దాకా నడిచివస్తే జనం హాయిగా అందుకున్నారు. ఇక మిగతా సినిమాల్లో శాస్త్రజ్ఞుడంటే చింపిరిజుట్టు, సోడాబుడ్డి కళ్లద్దాలు, రంగునీళ్ల సీసా. వాడి మాట ఎవరు వింటారు?

కేరళలో పుట్టిన బి. ప్రేమానంద్ 2009లో చనిపోయేదాకా దేశమంతా తిరిగి చేసింది నిజానికి గారడీయే. ముద్దగా గట్టిపరచిన విభూతిని వేళ్ల సందున దాచి, గాలిలోంచి తీసినట్టు చూపడం, ఆ వెంటనే గుట్టు విప్పడం. మొదటిసారి జనం నోరు తెరుస్తారు, రెండోసారి నవ్వుతారు. ఆ రెండో నవ్వు వంద ఉపన్యాసాల పెట్టు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదికవారూ పల్లెల్లో ఇదే దారి పట్టారు.

అయితే ఒక జాగ్రత్త. మనం నవ్వవలసింది కాయను చూసి, రైతును చూసి కాదు. మూడు బోర్లు ఎండినవాడు నాలుగోదానికి కొబ్బరికాయ పట్టించుకుంటే అది మూర్ఖత్వం కాదు, దిక్కులేనితనం. పట్నంలో చదువుకుని ఊరికి పోయి, "మీరింకా ఇవి నమ్ముతున్నారా?" అని పెదవి విరిచేవాణ్ణి చూస్తే నాకు కాయవాడే నయమనిపిస్తుంది. కనీసం వాడు రైతు పక్కన కూర్చుంటాడు.

వచ్చే వార్షికోత్సవానికి సంఘం పెద్దలకు నాదొక ప్రతిపాదన. ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ ఈసారికి ఆపండి. మైదానంలో పది మూతబిందెలు పెట్టండి, ఒక్కదాంట్లోనే నీళ్లు పోయండి. ఏ బిందెలో పోశారో పోసినవాళ్లు అక్కడ ఉండకూడదు, లేకపోతే వాళ్ల ముఖం చూసి చెప్పేస్తారు. కాయ పట్టేవారిని గౌరవంగా పిలిచి, దారిఖర్చులిచ్చి, శాలువా కప్పండి. తలా పదిసార్లు చూడనివ్వండి, ప్రతిసారీ బిందెలు మార్చండి. ఊరికే గుడ్డిగా చెప్పినా పదింట ఒకటి తగులుతుందని ముందే మైకులో చెప్పండి. పక్కనే జియాలజీ విద్యార్థులు మేకులు, మీటరు పెట్టుకుని, తమ యంత్రం చేసేదేమిటో, చేయలేనిదేమిటో తెలుగులో చెప్పాలి. మధ్యలో ప్రశ్నలడగడానికి ఒక బుడ్డర్‌ఖాన్ ఉండాలి. ఆ వేషానికి మా హాస్టల్లోనే ముగ్గురు పోటీ పడుతున్నారు. ఆట అయినంక కొబ్బరికాయలు మెస్సుకు పంపితే, మరునాడు ఇడ్లీలోకి చట్నీ అయినా దక్కుతుంది.