బండికి నగలెందుకు?

మా అబ్బాయి థార్‌కి ముందు ఇనుప గార్డు, పైన లైట్ల వరస పెట్టిద్దామన్నాడు. మా ఆయన సరేనన్నారు. నేనే వద్దన్నాను.

మా ఆకివీడు చెరువు గట్ల మీద నల్లమట్టి తడిస్తే సబ్బే. పోయిన వానల్లో మేత దించి వస్తుంటే, అరిగిన టైర్లతో బండి చెరువు వైపు జారింది. పక్క చెరువు వాళ్ళ ట్రాక్టరూ, తాడూ లేకపోతే ఏమయ్యేదో!

టైరుకి పట్టు లేకపోతే నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. ఆ గార్డులు వద్దని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు సరిగా తెరుచుకోకపోవచ్చట.

అందుకే ముందు బురద పట్టుకోకుండా పళ్ళ మధ్య ఖాళీ ఎక్కువున్న టైర్లు, లాగే బెల్టు, గాలి పంపు. సోకులు తర్వాత. రాత్రి వాళ్ళ కోసం గుమ్మంలో ఎదురుచూసేది మనమే కదా, ఆ మాట మనమే గట్టిగా చెప్పాలి.