తీరికుంటేనే అభిమానం

పాత కథని కొత్తగా తీస్తే చాలు, ఊరికే చూసినవాళ్ళు కూడా శాశ్వతాభిమానులైపోతారని మావాడి వాదన. "నువ్వు తప్ప అమ్మా!" అని వెక్కిరింపు కూడానూ.

చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. అమెరికావాళ్ళ అంతరిక్ష కథ 'స్టార్ ట్రెక్'ని 2009లో మళ్ళీ మొదటినుంచీ తీసినప్పుడు ముగ్గురం కలిసే చూశాం. నాకూ నచ్చింది. తర్వాత 1966లో మొదలైన అసలు సీరియల్ డీవీడీలు తెచ్చుకుని, 79 భాగాలూ తండ్రీకొడుకులు రాత్రిళ్ళు కూచుని చూశారు. ఆ వేళకి నేనెక్కడున్నాను? దోసెల పెనం దగ్గర! స్పాక్ చెవుల సంగతి చట్నీ గిన్నె అందిస్తూ విన్నదే.

సినిమా గుమ్మం దాకా తీసుకొస్తుంది, కాదనను. లోపలికెళ్ళి కూచోడానికి సాయంత్రాలు కావాలి. అవి ఇంట్లో ఎవరికున్నాయమ్మా?

1991 నాటి 'ఆదిత్య 369' మాత్రం నాకు కంఠతా వచ్చు. టీవీలో వేసినప్పుడల్లా చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ముక్కముక్కలుగా చూసి అతికించుకున్నాను. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ హాళ్ళకొస్తే వెళ్ళాను. కాలయంత్రం రాయలవారి కాలానికి చేరకముందే పక్కసీటు పిల్లాడికి కథంతా చెప్పేశాను, పాపం!

ఇప్పుడు ఆ 79 భాగాలూ మొదలుపెట్టాను. మా ద్వారకా నగర్ ఇంట్లో రాత్రి ఏడున్నరకల్లా నా వంట బంద్. ఉప్మా రవ్వ ఏ డబ్బాలో ఉందో తండ్రీకొడుకులు వెతుక్కుంటున్నారు.