పలుచని ఫోనులు

సామ్‌సంగువారు 2025 మే నెలలో 5.8 మిల్లీమీటర్ల మందముగల ఎస్ 25 ఎడ్జి ఫోనును, సెప్టెంబరులో ఆపిల్‌వారు 5.6 మిల్లీమీటర్ల ఐఫోన్ ఎయిరును విడుదల చేసిరి. చేతబట్టిన వారనేకులు మెచ్చుకొనిరి. కొనవలసి వచ్చునప్పటికి పలువురు వెనుదీసిరి. ఎయిరు ఉత్పత్తి తగ్గింపబడినదని ఆ యేటి చివరనే వార్తలు వచ్చినవి. ఇందు వింత యేమున్నది?

సామ్‌సంగువారి ఎస్ 25 ప్లస్‌కును ఎడ్జికిని తెర 6.7 అంగుళములే. ప్లస్ బ్యాటరీ 4,900 మిల్లీ ఆంపియరు గంటలు, ఎడ్జిది 3,900. ప్లస్‌కు వెనుక మూడు కెమెరాలు, ఎడ్జికి రెండే. దూరపు వస్తువును దగ్గరగా జూపునది తీసివేయబడినది. అయినను మనదేశమున విడుదలనాటి వెల ప్లస్‌కు 99,999 రూపాయలు, ఎడ్జికి 1,09,999! తగ్గించినందులకు పదివేలు అదనముగా నడుగుట యే న్యాయమో మాకు బోధపడకున్నది. ఎడ్జి 163 గ్రాములే, తేలిక, కాదనము. ఆపిల్‌వారో, ఎయిరు వీపునకు తగిలించుకొనుటకు వేరొక బ్యాటరీని గూడ అమ్మజూపిరి. అది తగిలించిన పిమ్మట పలుచదన మెక్కడ?

ఉదయమున నిల్లు వెడలి రాత్రి చేరు సామాన్యునకు ఫోనే రైలు టిక్కెట్టు, ఫోనే డబ్బుసంచి. అది సాయంకాలమునకే ఆరిపోయినచో, దాని నాజూకును జూచి టిక్కెట్టు కలెక్టరు విడిచిపెట్టునా?