వాడిన టీ బ్యాగు దేవుని మందిరానికి తగదా?



పోయిన నెల స్త్రీల కూడికలో మన అక్కాచెల్లెళ్లు వాడిన టీ బ్యాగులతో క్రిస్మస్ కార్డులు, బైబిల్లో పెట్టుకునే గుర్తు చీటీలు చేశారు. మన ఇండ్లలో టీ పొడి వేసి మరిగిస్తాం గదా. ఈ బ్యాగులు గుట్టలో ఒక లాడ్జీలో గదులు ఊడ్చే సహోదరి దాచి తెచ్చినవి. అవి చూసి ఒక పెద్దాయన, "చెత్త తెచ్చి మందిరంల పెడ్తరా? దేవునికి మంచియి ఇయ్యాలె గదా!" అన్నారు. ఆ సహోదరి తల వంచుకుంది. రెండు ఆదివారాలుగా ఆరాధనకు రాలేదు. ఆ రోజు మేమూ ఊరకున్నాం. అది మా తప్పు, అందుకే ఇది రాస్తున్నాం.

పెద్దాయన మాటకు వాక్యాధారం లేకపోలేదు. గుడ్డి, కుంటి పశువులను బలికి తెచ్చిన యాజకులను దేవుడు గద్దించిన సంగతి మలాకీ మొదటి అధ్యాయంలో ఉంది. మిషనరీలకు వచ్చే పెట్టెల్లో వాడేసిన టీ బ్యాగులు కూడా ఉండేవని ఒక పాత కథ చెప్పుకుంటారు. మంచి టీ మనం తాగి, పిప్పి దైవసేవకునికి పంపడం ముమ్మాటికీ తప్పే. కానీ మలాకీ కాలంవారి మందలో మంచి పశువులు ఉండగానే కుంటివి తెచ్చారు. మన సహోదరి ఏ మంచిదాన్ని దాచుకుంది?

దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ దగ్గర హౌట్ బే అనే ఊరుంది. అక్కడి ఇమిజామో యేతు బస్తీలోని పేద స్త్రీలకు పని దొరకాలని 2000 ప్రాంతంలో జిల్ హేస్ అనే ఆమె వాడిన టీ బ్యాగుల మీద బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. ఆ కార్డులు, ట్రేలు విదేశాలకు సైతం అమ్ముడుపోయి ఆ ఇండ్లకు కూడు పెట్టాయి.

మనవాళ్ల పనీ అలాంటిదే. టీ బ్యాగు కాగితంలో అరటి జాతికి చెందిన అబాకా నార కలుపుతారు గనుక మరిగే నీళ్లలోనూ చినగదు. బ్యాగులను ఆరబెట్టి, అంచు విప్పి, ఆకు గులాబీ మొక్కకు వేశారు. బట్ట కప్పి ఇస్త్రీ చేసి, రంగులు వేసి, అట్టకు అంటించి, చుట్టూ పోచంపల్లి బట్ట ముక్కలు కుట్టారు. కొన్ని బ్యాగుల్లో ప్లాస్టిక్ ఉంటుంది, వేడికి కరుగుతుంది, చేసేవారు చూసుకోండి. పాత చీరలతో బొంతలు కుట్టిన మన అవ్వలకు ఇదేమీ వింత కాదు.

మా అభిప్రాయం ఒకటే. పాత వస్తువు ఇస్తే, దానిలో మన చేతి కష్టం కలిపి ఇవ్వాలి. క్రిస్మస్‌కు విధవరాండ్రకు పంచమని మనలో కొందరు చినిగిన చీరలు మూటగట్టి పంపుతారు, ఉతకనైనా ఉతకకుండా. మలాకీ మాట తగిలేది ఆ మూటకు.

ఈ వారం మేము ఆ సహోదరి ఇంటికి వెళ్తున్నాం, క్షమించమని అడగడానికి. ఆ కార్డులు ఆదివారం బల్ల మీద ఉంటాయి. ఒకటి చేతిలోకి తీసుకొని చూడండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.