ఒకే హదీసు, రెండు తీర్పులు

రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర సూరత్‌లోని గోడాదరాలో ఉంటున్నాను. సాంచాల పనికి వచ్చిన మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న పేట ఇది. ఆ మధ్య పక్క వీధిలో ఒక ముస్లిం కార్మికుడు అప్పు మిగిల్చి చనిపోయాడు. ఆస్తి ఏమీ లేదు. జనాజా దగ్గర అతని బావమరిది "ఆ అప్పు నా మీద వేసుకుంటున్నా" అన్నాడు. నెల తిరక్కుండానే అప్పిచ్చినవాడు అతని గుమ్మంలో కూర్చున్నాడు. అతనిదీ రోజుకూలీయే.

"కట్టి తీరాలి, హదీసు ఉంది" అన్నారొక పెద్దమనిషి. "అక్కర్లేదు, అబూ హనీఫా అలా చెప్పలేదు" అన్నారింకొకరు. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, వోచరు చూడందే నమ్మను. చదివి చూశాను. ఇద్దరిదీ ఒకటే వోచరు!

బుఖారీ సంకలనంలో ఉంది. మూడు దీనార్ల అప్పుతో చనిపోయినవాడికి ప్రవక్త జనాజా నమాజు చేయలేదు. ఆ అప్పు అబూ ఖతాదా తన మీద వేసుకున్నాకే చేశారు. దీన్నిబట్టి చనిపోయినవాడి అప్పుకూ పూచీ చెల్లుతుందని షాఫియీ, మాలికీ, హంబలీ పండితులు అన్నారు. అబూ హనీఫా (మరణం 767) మాత్రం, ఏమీ మిగల్చకుండా పోయినవాడి మీద ఈ లోకంలో అప్పే నిలవదు, లేని అప్పుకు పూచీ ఏమిటి అన్నారు. అబూ ఖతాదాది పాత పూచీని ఒప్పుకోవడమో, ఉత్త వాగ్దానమో కావచ్చని ఆ పక్షం వివరణ. దీన్ని ఆయన సొంత శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీలే ఒప్పుకోలేదు.

నిజానికి రెండూ మంచి వాదనలే. రెండూ మనుషుల బుర్రలోంచి వచ్చినవే. అలాంటప్పుడు "దేవుడి చట్టం, ప్రశ్నించకు" అనడం ఎందుకు? ఆధారం తీర్పు చెప్పలేదు, మనిషి చెప్పాడు.

"మీ జడ్జీలు కూడా ఒకే సెక్షన్‌కు రెండు అర్థాలు చెప్తారుగా" అంటారు. చెప్తారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆకాశంలోంచి ఊడిపడిందని ఎవరూ అనరు. తప్పుంటే పార్లమెంటు సవరిస్తుంది.

హిందూ మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. అప్పు తీరుస్తానని పూచీ పడ్డవాడు పోతే వారసుల చేత కట్టించమంది మనుస్మృతి. దాన్నీ దైవవాక్కనే అమ్మారు.

ఆ బావమరిది ఎంత కట్టగలడు, అప్పిచ్చినవాడి నష్టమెంత? ఈ రెండూ లెక్కవేసి తేల్చాల్సింది మనమే. ఆ బాధ్యత పైవాడి మీదకు నెట్టడం ఖాళీ వోచరు మీద సంతకం పెట్టడమే. కాదంటారా?