అక్షరం దగ్గరే తడబడే పిల్లలు

"నోటితో అడిగితే గడగడా చెప్పేస్తాడండీ, పుస్తకం తెరిస్తేనే మూగనోము పడతాడు." ఈ మాట అనే తల్లులు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరుంటారు. అవతలివాళ్ళు ఇచ్చే జవాబు కూడా మనకి తెలిసిందే. "ఒళ్ళు వంగటంలేదు వదినా, రెండు తగిలించు, అదే వస్తుంది."

మా చెల్లెలి రెండోవాడి సంగతి ఇలాగే ఉంది. రెండో క్లాసు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. కూరల బండి దగ్గర చిల్లర లెక్క వాడే చూస్తాడు. కానీ వాచకంలో 'పలక' అన్న మాట పై వరుసలో సరిగ్గా చదివి, కింది వరుసలో అదే మాటని 'వలస' అంటాడు. డిక్టేషన్‌లో ఒకే పేజీలో 'చెట్టు'ని మూడు రకాలుగా రాశాడు. డైరీలో ఎర్ర సిరాతో 'కేర్‌లెస్' అని రాసి పంపారు. ట్యూషన్ పెట్టారు. స్కూల్లో రానిదే మరో గంటసేపు అక్కడా రాకుండా పోయింది, అంతే. సోమవారం పొద్దున్న కడుపునొప్పి మొదలైంది. డాక్టరుగారు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. ఒకరోజు రాత్రి "నేను మొద్దునా అమ్మా?" అని అడిగాడట. ఏడేళ్ళవాడు! మార్కుల కంటే నాకు ఆ మాటే భయం వేసింది.

డిస్లెక్సియా అన్న పేరు మనలో చాలామంది మొదటిసారి విన్నది 2007లో ఆమిర్ ఖాన్ తీసిన 'తారే జమీన్ పర్' వల్లే. మంచి సినిమా, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కాకపోతే అది చూశాక అక్షరాలు కళ్ళముందు గంతులేస్తాయి, అదే ఈ జబ్బు అనుకున్నవాళ్ళున్నారు. ముందుగా, ఇది జబ్బు కాదు. రెండోది, అసలు చిక్కు చాలావరకు కంటిలో ఉండదు. మాటలో ఉన్న శబ్దాలని విడదీసి, ఏ శబ్దానికి ఏ అక్షరమో జోడించే పని మెదడు తేలిగ్గా చెయ్యలేకపోవడం. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కుటుంబాల్లో వస్తూ ఉంటుంది కూడా. మేనమామో, తండ్రో చిన్నప్పుడు ఇలాగే చదవలేక బడి మానేశాడేమో ఒకసారి గుర్తు చేసుకోండి.

అలాగని అక్షరం తిరగేసి రాసిన ప్రతి పిల్లకీ ఈ పేరు పెట్టకండి. ఆరేడేళ్ళ దాకా ఇంగ్లీషులో 'బి'కి 'డి' రాయడం మామూలే. మన తెలుగులో గుణింతాలూ ఒత్తులూ కలిపితే నేర్వాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, మామూలు పిల్లలే మూడు, నాలుగు తరగతుల దాకా నేర్చుకుంటూ ఉంటారు. తోటివాళ్ళంతా ముందుకెళ్ళిపోయినా, నెలల తరబడి నేర్పినా నిలవకపోతే అప్పుడు ఆలోచించాలి. మాటలు ఆలస్యంగా రావడం, వారాల పేర్లు వరసగా చెప్పలేకపోవడం, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదవడం, బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడానికి అందరికంటే రెట్టింపు సేపు పట్టడం, ఇలాంటివి నాలుగైదు కలిసి కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు.

మొట్టమొదట కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. చెవిలో గుబిలి, పదేపదే జలుబు చేసి వినికిడి తగ్గడం కూడా చదువుని దెబ్బ తీస్తాయి. అవి బాగానే ఉన్నాయంటే మిగిలినది చూద్దాం. జ్ఞాపకశక్తి పెంచుతాయని అమ్మే టానిక్కులూ పొడులూ దీనికి పనిచెయ్యవు. ఆ డబ్బుతో బొమ్మల పుస్తకాలు కొనండి.

ఇక్కడే ఒక చిక్కుంది. డిస్లెక్సియా అని గట్టిగా తేల్చి సర్టిఫికెట్ ఇవ్వడం మామూలుగా ఎనిమిదేళ్ళు నిండాకే. అప్పటిదాకా 'కావచ్చు' అన్న అనుమానమే తప్ప 'ఇదీ' అనరు. మరి ఆ రెండు మూడేళ్ళు చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. ఈ పిల్లలకి మేలు చేసే పద్ధతి మామూలు పిల్లలకి కూడా మంచిదే. తీరా డిస్లెక్సియా కాదని తేలినా పోయేదేం లేదు.

వంటింట్లోనే మొదలుపెట్టండి. పుస్తకం వద్దు, చెవితో ఆడే ఆట. "పకోడీలో 'ప' తీసేస్తే ఏం మిగిలింది?" "కోడీ!" పిల్లలు పడీపడీ నవ్వుతారు. "వంకాయలో 'వం' తీసేస్తే?" "కాయ." తర్వాత తిరగేసి, "అ... ర... టి... కలిపితే ఏమిటి?" మాటకి ఎన్ని చప్పట్లో కొట్టించండి. 'టమాటా'కి మూడు. కూర తరుగుతూ రోజూ పది నిమిషాలు చాలు. శబ్దాలు విడదీయడం చెవికి అలవాటు పడితే అక్షరం అతకడం సులువవుతుంది.

ఇక అక్షరం. అక్షరాభ్యాసంనాడు బియ్యంలో వేలు పట్టి రాయించాం, గుర్తుందా? ఆ ఒక్క రోజుతో ఎందుకు ఆపాలి? పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి, వేలితో పెద్దగా 'ప' రాస్తూ నోటితో 'ప' అనమనండి. కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకేసారి పనిచెయ్యాలి. 1930లలో అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరూ, గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయినీ ఈ పిల్లల కోసం మొదలుపెట్టిన పద్ధతికి ఇదే పునాది. ఒక రోజు ఒక్క అక్షరం. 'ప', 'వ', 'ష'లని ఒకే వారం నేర్పకండి, ఒకటి గట్టిపడ్డాకే రెండోది. నిన్నటిది మరిచిపోతే విసుక్కోకుండా మళ్ళీ మొదలెట్టాలి. ఈ పిల్లలకి పదిసార్లు కాదు, వందసార్లు కావాలి. నాకూ కోపం వస్తుందండీ, మనుషులమే కదా. కోపం వచ్చిన రోజు పళ్ళెం తీసేసి కథ చెప్పేసి ఊరుకోవడం మేలు.

చదివించేటప్పుడు మీరూ కలిసి చదవండి. వరుస కింద వేలు నడుపుతూ ఇద్దరూ ఒకే గొంతుతో. తప్పు చదివితే ఆపి చీవాట్లు పెట్టొద్దు, సరైన మాట మీరు పలికి ముందుకెళ్ళండి. పావుగంట దాటనివ్వద్దు. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఇది చదువు" అని నిలబెట్టొద్దు. అత్తగారో మామగారో "మా వంశంలో ఇలాంటివాడు లేడు" అన్నారనుకోండి, పిల్లాడు వినకుండా పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పండి. వాళ్ళకీ ఒక పని అప్పగించండి. పాఠాలు చదివి వినిపించడం పెద్దవాళ్ళకంటే ఎవరు బాగా చేస్తారు? చదవలేనంత మాత్రాన సోషలూ సైన్సూ తెలియకుండా పోకూడదు కదా.

టీచరుగారితో పోట్లాటకి వెళ్ళొద్దు, అలాగని వదలొద్దు కూడా. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, క్లాసులో అందరిముందూ పైకి చదివించవద్దని, తెలిసిన జవాబు నోటితో చెప్పనిమ్మని అడగండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఈ నేర్చుకునే ఇబ్బంది కూడా చేరింది. సర్టిఫికెట్ ఉంటే పెద్ద పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సదుపాయాలు అడగొచ్చు.

పరీక్ష చేయించాలంటే క్లినికల్ సైకాలజిస్టుని చూడాలి. పెద్ద ఫీజులు ఇచ్చుకోలేనివారు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో పెట్టిన పిల్లల కేంద్రంలో అడగండి. పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు. చదువు ఇబ్బందులు కూడా వాళ్ళ జాబితాలో ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళకండి. ఒకటో క్లాసునుంచి నోటుబుక్కులు, డిక్టేషన్ కాగితాలు, ప్రోగ్రెస్ కార్డులు సంచీలో పెట్టుకోండి. ఏ నెలలో ఏ అక్షరం నేర్పారో, ఎన్నాళ్ళు నిలిచిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మంచి మార్కులు రాలేదు కదా అని ఆ పాత పుస్తకాలు తూకానికి వేసెయ్యకండి, డాక్టర్లు ముందు అడిగేవి అవే.